మెడ మోయు భారము

మానవులు చేయు పనులలో కొన్ని చూపరులకు మిక్కిలి కష్టముగను, కొన్ని మిక్కిలి సుఖముగను కన్పట్టును. ఎండలో నాగలి పట్టిన రైతును, రేవులో మూటలు మోయు కూలివానిని చూచినపుడు వారి శ్రమకు మన మనస్సు కరగును. నీడపట్టున కుర్చీలో కూర్చుండి కంప్యూటరు మీటలను నొక్కువారిని చూచినపుడు మాత్రము, "వీరి కేమి కష్టమున్నది?" అనుకొందుము. కంప్యూటరు కీబోర్డుపై ఒక మీటను అణచుటకు సుమారు 60 గ్రాముల బరువు చాలును. ఒక కోడిగ్రుడ్డు బరువు ఇంచుమించుగా అంతియే. ఇంత తేలికయైన పని చేసినవారు సాయంకాలమునకు మెడ పట్టుకొన్నదనియు, భుజములు లాగుచున్నవనియు, తల త్రిప్పలేకున్నామనియు చెప్పుట వింతగా తోచును. పని చేసినవి వ్రేళ్లు. నొప్పి కలిగినది మెడకు. ఇది యెట్లు సంభవించునో, దీనిని నివారించు మార్గ మేమో ఈ పాఠమున తెలిసికొందము.

కూర్చుండి చేయు పనివలన మెడకు నొప్పి కలుగుట నేటి వింత కాదు. పూర్వము మన దేశమున గ్రంథములను తాళపత్రములపై గంటముతో వ్రాసెడివారు. ఆ వ్రాయసకాండ్రు గ్రంథము ముగిసిన పిమ్మట చివర ఒక శ్లోకము చేర్చుట కలదు. వీపు, నడుము, మెడ విరిగినట్లుకాగా, చూపు నిలిపి, ముఖము వంచి, ఎంతో కష్టముతో వ్రాసిన గ్రంథ మిది. దీనిని జాగ్రత్తగా కాపాడుడు అని దాని భావము. గ్రంథమును చదువువారికి అందులోని కథ కనబడును గాని, దానిని వ్రాసినవాని మెడనొప్పి కనబడదు. అందుచేతనే కాబోలు, ఆ వ్రాయసకాండ్రు దానిని కూడ గ్రంథమునందే చెప్పి యుంచిరి.

ఐరోపా ఖండమున ఈ విషయమును శాస్త్రదృష్టితో పరిశీలించిన వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని. ఇతడు 1633లో ఇటలీ దేశమున జన్మించెను. వివిధ వృత్తులవారికి వారి పనివలన కలుగు వ్యాధులను గూర్చి 1700లో ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. 1713లో దానిని పెంచి మరల ప్రకటించెను. వైద్యుడు రోగిని అడుగు ప్రశ్నలతోపాటు "నీవు చేయు పని యేమి?" అను ప్రశ్నను కూడ తప్పక అడుగవలెనని బోధించినవా డితడే. వ్రాయసకాండ్ర బాధలకు రామజ్జీని మూడు కారణములు చెప్పెను. ఎడతెగక కూర్చుండుట మొదటిది. చేతిని ఒకే తీరున మరల మరల కదల్చుట రెండవది. తప్పు రాకుండవలెనని మనస్సును బిగబట్టుకొని యుండుట మూడవది. మూడు వందల యేండ్లు గడచినను ఈ మూడు కారణములలో ఒక్కటియు పాతబడలేదు.

కలము తరువాత టెలిగ్రాఫు వచ్చినది. దినమంతయు ఒకే మీటను తట్టుచు వార్తలను పంపెడి ఉద్యోగులకు చేయి కొంకరలు పోవు వ్యాధి కలిగెను. 1908లో బ్రిటన్ దేశమున దీనిని వృత్తివలన కలుగు వ్యాధులలో చేర్చి, బాధితులకు నష్టపరిహారము పొందు హక్కు కల్పించిరి. 1874లో అమెరికాలో రెమింగ్టన్ వారు టైపురైటరును విక్రయింప నారంభించిరి. మన దేశమున 1955లో గోద్రెజ్ వారు టైపురైటరును తయారుచేసిరి. పట్టణములందు టైపు నేర్పు పాఠశాలలు వెలసెను. వేలకొలది యువతీయువకులు ఆ విద్యతో జీవనోపాధి సంపాదించిరి.

టైపురైటరు మీటలను నొక్కుటకు కంప్యూటరు మీటలకంటె చాల ఎక్కువ బలము కావలెను. అయినను దానియం దొక మేలు కలదు. పంక్తి ముగియుచుండగా గంట మ్రోగెడిది. అప్పుడు మీటలనుండి చేయి యెత్తి, కాగితమును మోయు భాగమును ప్రక్కకు త్రోయవలసి వచ్చెడిది. పుట ముగిసినంతనే కాగితమును తీసి మరియొకటి ఎక్కింపవలెను. తప్పు వచ్చినచో ఆగి దిద్దవలెను. ఈ చిన్న చిన్న పనులు ఆటంకములుగా తోచినను, చేతికిని మెడకును అవియే విశ్రాంతి. కంప్యూటరు వచ్చి ఈ యాటంకముల నన్నిటిని తొలగించినది. పంక్తి తనంత తాను మారును. పుట తనంత తాను తిరుగును. పని వేగమైనది, విశ్రాంతి మాయమైనది. 1980 తరువాతి సంవత్సరములలో ఆస్ట్రేలియా దేశమున కీబోర్డుపై పనిచేయువారనేకులు చేతులు, భుజములు, మెడ నొప్పులతో వైద్యుల నాశ్రయించిరి. గాయము కంటికి కనబడదు గనుక, ఆ నొప్పి నిజమా, నెపమా అని పెద్ద వివాదము చెలరేగినది. కనబడని నొప్పితో బాధపడువారికి నొప్పికంటె లోకుల అనుమానమే ఎక్కువ బాధ కలిగించును.

ఇక మెడ నిర్మాణమును చూతము. మన పల్లెలలో స్త్రీలు చెరువునుండి నీళ్లకడవను తలపై పెట్టుకొని వచ్చుట మీరు చూచియుందురు. కడవ నడినెత్తిపై నిలిచినంతకాలము వారు నిటారుగా, తేలికగా నడతురు. కడవ కొంచెము ముందుకు ఒరిగినచో చేయి యెత్తి పట్టుకొనవలెను. మన తల కూడ అట్టి కడవయే. పెద్దవారి తల బరువు సుమారు 5 కిలోగ్రాములు. ఈ కడవను మెడలోని 7 వెన్నుపూసలు మోయుచున్నవి. తల నిటారుగా నున్నంతవరకు బరువులో ఎక్కువ భాగము ఎముకలపై పడును. తల ముందుకు వంగినపుడు అది క్రింద పడకుండ మెడవెనుక కండరములు త్రాళ్లవలె బిగిసి లాగి పట్టుకొనవలెను. తల 15 డిగ్రీలు వంగినచో మెడపై బరువు సుమారు 12 కిలోగ్రాములకును, 60 డిగ్రీలు వంగినచో సుమారు 27 కిలోగ్రాములకును సమానమగునని 2014లో ఒక అమెరికా దేశపు వెన్నెముక వైద్యుడు గణించెను. ఇది నమూనాపై వేసిన లెక్కయే యైనను, ఎంత వంగిన అంత భారమను సత్యమును చక్కగా తెలుపుచున్నది.

మెడవెనుకనుండి భుజముల కొనలవరకును, వీపు నడిమివరకును వ్యాపించిన ఒక వెడల్పైన కండరము కలదు. దీనికి ట్రపీజియస్ అని పేరు. చేతులను ఎత్తి పట్టుకొనుటలోను, భుజములను పైకి లాగుటలోను ఇది ముఖ్యమైనది. మీ ఎడమచేతిని కుడిభుజముపై, మెడకు దగ్గరగా ఉంచుడు. కుడిచేతిని మెల్లగా ప్రక్కకు ఎత్తుడు. మీ వ్రేళ్ల క్రింద కండరము గట్టిపడుట తెలియును. బల్ల ఎత్తుగా నున్నచో టైపు చేయువాడు తెలియకయే భుజములను ఎత్తి, చేతులను గాలిలో నిలిపియుంచును. వ్రేళ్లు ఆడుచుండును, ఆ వ్రేళ్లను, చేతిని, బాహువును పట్టుకొని యుండు పని మాత్రము ఈ కండరముపై పడును. వ్రేళ్లు పని చేయగా మెడ నొప్పి కలుగుటలోని రహస్య మిదియే.

కదలుచు చేయు పనికిని, కదలక చేయు పనికిని గొప్ప భేదము కలదు. ఒక పుస్తకమును చేతపట్టి పైకి, క్రిందికి ఇరువదిసార్లు కదల్చుడు. పిమ్మట అదే పుస్తకమును చేయి చాచి కదల్చక పట్టుకొనుడు. రెండవ పనిలో కొలది నిమిషములలోనే చేయి వణకి, భుజము మండసాగును. కారణమేమన, కండరము బిగిసి సడలుచున్నపుడు అది పంపువలె రక్తమును తన గుండ త్రోయుచుండును, ప్రాణవాయువు, ఆహారము చేరును, మలినములు తొలగును. బిగిసినది బిగిసినట్లే యున్నచో లోని సన్నని రక్తనాళములు నొక్కుకొనిపోవును. రక్తప్రసారము తగ్గును. మలినములు నిలిచి నొప్పి కలిగించును. కావడి మోయువాడు కొంతదూరము పోయిన పిమ్మట భుజము మార్చుకొనును, దించి సేదదీరును. కీబోర్డు ముందు కూర్చున్నవాడు తాను కావడి మోయుచున్నట్లే యెరుగడు. కనుక దించవలెనను తలంపే అతనికి కలుగదు.

ఇందొక సందేహము కలుగవచ్చును. టైపు చేయునపుడు భుజపు కండరము తన పూర్తి శక్తిలో కొలది పాళ్లు మాత్రమే ఉపయోగించును గదా. అంత స్వల్పమైన పనివలన హాని యెట్లు? 1991లో గొరాన్ హాగ్ అను స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు దీనికొక సమాధానము సూచించెను. కండరములో వేలకొలది తంతువులు కలవు. పని మొదలైనపుడు చిన్న తంతువులు ముందుగా పనిలోనికి దిగును. బలము ఎక్కువ కావలసినపుడు మాత్రమే పెద్ద తంతువులు వచ్చి చేరును. పని తగ్గినపుడు పెద్దవి ముందుగా తప్పుకొనును. చిన్నవి చివరివరకు పనిచేయుచునే యుండును. ఐరోపావారి కథలలో సిండరెల్లా యను బాలిక కలదు. ఇంటిల్లిపాదికంటె ముందు లేచి, అందరికంటె వెనుక పరుండునది ఆమెయే. అందుచేత ఈ సిద్ధాంతమునకు ఆ బాలిక పేరే నిలిచినది. మన ఉమ్మడి కుటుంబములలో చిన్నకోడలి స్థితి కూడ ఇట్టిదే గదా! కుటుంబము మొత్తము మీద పని తక్కువే కావచ్చును; ఆ పనియంతయు ఒక్కరిపైననే పడినచో ఆ యొక్కరు కృశింపక తప్పదు.

ఈ భావమునకు బలము నిచ్చు పరిశోధన నార్వే దేశమున జరిగినది. 1990 ప్రాంతమున అక్కడి పరిశోధకులు చాకొలెట్లను పొట్లములు కట్టు స్త్రీల భుజపు కండరములలోని విద్యుత్తును పరికరములతో కొలిచిరి. ఒకే పని చేయువారియందు కూడ కొందరి కండరము నడుమ నడుమ క్షణకాలము పూర్తిగా సడలుచుండెను. ఆ విరామము సెకనులో ఐదవవంతు మాత్రమే యైనను లెక్కకు వచ్చెను. అట్టి విరామములు తక్కువగా నున్నవారికే నొప్పి యెక్కువగా కలిగినట్లు కనుగొనిరి. కాబట్టి కండరము కోరునది పెద్ద సెలవు కాదు. మాటిమాటికి లభించు చిన్న విశ్రాంతి.

నివారణోపాయములలో మొదటిది ఆసనమును సరిచేసికొనుట. కుర్చీలో వెనుకకు జరిగి, వీపును ఆనించి కూర్చుండవలెను. పాదములు నేలపై పూర్తిగా ఆనవలెను. అందనిచో క్రింద ఒక పీటనో, ఇటుకలపై పలకనో ఉంచుకొనవలెను. భుజములను ఒకసారి చెవులవరకు ఎత్తి జారవిడిచినచో, అవి నిలిచిన చోటే వాటి సహజస్థానము. అట్లు చేతులు వ్రేలాడుచుండగా మోచేతులను వంచినపుడు అరచేతులు ఎంత ఎత్తున నుండునో, కీబోర్డు ఇంచుమించుగా అంత ఎత్తున నుండవలెను. బల్ల ఎత్తైనచో కుర్చీపై దిండు వేసికొని ఎత్తు పెంచుకొనవచ్చును. ముంజేతులను బల్లపై కొంతవరకు ఆనించినచో వాటి బరువు బల్ల మోయును; భుజము మోయనక్కరలేదు. మౌసును కీబోర్డు ప్రక్కనే ఉంచుకొనవలెను. అది దూరముగా నున్నచో చేయి చాచి యుంచవలసి వచ్చును. చాచిన చేతిని మోయునది మరల ఆ భుజమే.

కంప్యూటరు తెర ముఖమున కెదురుగా, చేయి చాచినంత దూరమున నుండవలెను. తెర పైయంచు కంటి ఎత్తునకు సమానముగనో, కొంచెము తక్కువగనో యుండుట మేలు. చూచి వ్రాయవలసిన కాగితమును బల్లపై పరచినచో తల మాటిమాటికి వంచవలెను. తెర ప్రక్కనే ఏటవాలుగా నిలబెట్టినచో ఆ శ్రమ తప్పును. లాప్‌టాప్ అను చేతికంప్యూటరునందు తెరయు, మీటలును ఒకదానికొకటి అతికియుండును. మీటలు చేతికి అందుబాటులో నున్నచో తెర క్రిందికి పోవును. తెర కంటికి ఎదురుగా నున్నచో మీటలు పైకి పోవును. చాలసేపు పనిచేయువారు దానిని నాలుగు లావుపాటి పుస్తకములపై ఎత్తి, వేరొక కీబోర్డును తగిలించుకొనుట ఉత్తమము. సెల్‌ఫోనును ఒడిలో పెట్టుకొని తల వంచి చూచువారు కూడ ఈ నియమమును మరువరాదు. ఫోనును కంటివైపు ఎత్తవలెను గాని, తలను ఫోనువైపు దించరాదు.

అయినను ఎంత మంచి ఆసనమైనను గంటలకొలది కదలక యున్నచో చెడ్డ ఆసనమే యగును. కనుక రెండవ ఉపాయము విరామము. అమెరికా ప్రభుత్వ పరిశోధకులు 2000లో ప్రకటించిన ఒక పరిశీలన ఇచట చెప్పదగినది. కీబోర్డుపై అంకెలు, వివరములు ఎక్కించు ఉద్యోగులకు మామూలుగా ఉదయము 15 నిమిషములు, మధ్యాహ్నము 15 నిమిషములు విరామము కలదు. వారికి విరామము లేని ప్రతి గంటలోను అదనముగా 5 నిమిషముల చొప్పున, దినమునకు మొత్తము 20 నిమిషములు విశ్రాంతి నిచ్చిరి. నొప్పులు, కంటిశ్రమ తగ్గెను. పనికాలము తగ్గినను చేసిన పని తగ్గలేదు. విశ్రాంతిని సోమరితనముగా భావించు యజమానులు గమనింపదగిన ఫలిత మిది. విరామమున కూర్చున్నచోటనే సెల్‌ఫోను చూచుట విరామము కాదు. లేచి నాలుగడుగులు నడచి, మంచినీరు త్రాగి, భుజములను గుండ్రముగా త్రిప్పి, తలను మెల్లగా ఇరువైపులకు త్రిప్పి రావలెను.

మూడవ ఉపాయము కండరమును బలపరచుట. 2011లో డెన్మార్క్ దేశపు పరిశోధకులు మెడ, భుజముల నొప్పితో తరచుగా బాధపడు 198 మంది ఉద్యోగులను మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టువారు దినమునకు 2 నిమిషములు, మరియొక జట్టువారు 12 నిమిషములు, వారమునకు 5 దినముల చొప్పున 10 వారములు సాగెడి రబ్బరుగొట్టముతో వ్యాయామము చేసిరి. మూడవ జట్టువారు ఈ వ్యాయామము చేయలేదు. గొట్టము నడిమిభాగమును పాదముల క్రింద త్రొక్కిపట్టి, రెండు కొనలను చేతులతో పట్టుకొని, చేతులను ప్రక్కలకు భుజముల ఎత్తువరకు లేపి, మరల మెల్లగా దించుటయే ఆ వ్యాయామము. వ్యాయామము చేసిన రెండు జట్లవారికిని నొప్పి తగ్గెను. దినమునకు 2 నిమిషములు కేటాయింపలేని మనుష్యు డుండునా? కాని నొప్పి యున్నవారు వైద్యుని సలహాతోను, విద్యార్థులు వ్యాయామోపాధ్యాయుని పర్యవేక్షణలోను దీనిని ప్రారంభింపవలెను.

రామజ్జీని చెప్పిన మూడవ కారణమును కూడ స్మరింపవలెను. మనస్సునకు తొందర, భయము కలిగినపుడు భుజములు తెలియకయే పైకి లేచి బిగియును. గడువు దాటిపోవుచున్న పని, వెనుక నిలిచి తొందరపెట్టు అధికారి, ఎదుట వరుసగా నిలిచిన జనము, ఇవన్నియు మెడపై కనబడని బరువులు. కాబట్టి ఈ నొప్పిని తగ్గించు బాధ్యత పనివాని ఒక్కనిదే కాదు. తగిన బల్లను, కుర్చీని అమర్చుట, పనిని సమముగా పంచుట, విరామమునకు అనుమతి నిచ్చుట పని చేయించువారి ధర్మము.

సామాన్యమైన మెడనొప్పి చాలవరకు కదలికతోను, విశ్రాంతితోను తగ్గిపోవును. చేయి తిమ్మిరెక్కుట, వ్రేళ్లు మొద్దుబారుట, చేతిపట్టు తప్పుట, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి కలుగుట జరిగినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. నొప్పిని దాచుట ధైర్యము కాదు. చేయియే జీవనాధారమైనవానికి చేయి చెడినచో కుటుంబమంతయు కష్టములపాలగును.

నేడు మన తెలుగునాట గ్రామ కార్యాలయమున ధ్రువపత్రము కావలెనన్నను, అచ్చుకూటమున పెండ్లిపిలుపు అచ్చు వేయింపవలెనన్నను, బ్యాంకులో సొమ్ము తీయవలెనన్నను, ఎవరో ఒకరు కీబోర్డుపై మన పేరును అక్షరమక్షరముగా ఎక్కింపవలెను. మీరు చదువుచున్న ఈ పుట కూడ అట్లు తయారైనదే. మీలో అనేకులు రేపు ఆ కుర్చీలలో కూర్చుండవలసినవారు. అప్పుడు మీ భుజములను మీరు కాపాడుకొనుడు. నేడు మాత్రము ఆ కార్యాలయమునకు పోయినపుడు, పనిచేయు ఉద్యోగి ఒక నిమిషము ఆగి మెడ సవరించుకొన్నచో తొందరపెట్టకుడు. అతడు తన కావడిని దించుకొని భుజము మార్చుకొనుచున్నాడని యెరుగుడు.